నిజామాబాదు జిల్లా జలాశయాలలో గాలపు వేట

నిజామాబాదు పట్టణం, బోధన్ పరిసరాలలోని చెరువులు, జలాశయాలు ఉత్తర తెలంగాణలో మంచినీటి చేపలకు పేరుపొందిన ప్రదేశాలు. వలతో వృత్తిగా సాగే వేట ఇక్కడ తరతరాలుగా ఉన్నది. ఒకటి రెండు గాలాలతో, ఒక పూటో ఒక రోజో నీటి ఒడ్డున గడిపి రావడానికి వెళ్ళేవారు కూడా ఉన్నారు. ఈ వ్యాసం ఈ రెండవ రకపు వేటకు సంబంధించినది. ఎక్కడికి వెళ్ళవచ్చు, ఏ నెలలో వెళ్ళవలెను, ఏ చేపలు దొరుకుతాయి, ఎవరిని అడిగి గాలం వేయవలెను, ఎటువంటి ప్రమాదాలు ఉన్నవి అనే విషయాలు ఇందులో వివరించబడినవి.

సరస్సుల వేట అనగానే కెనడా, అమెరికాలోని మిన్నెసోటా వంటి ఉత్తర ప్రాంతాలు గుర్తుకు వస్తాయి. అక్కడి సరస్సులలో అత్యధికం మంచుయుగంలో హిమానీనదాలు నేలను తొలచగా ఏర్పడినవి. నిజామాబాదు ప్రాంతపు సరస్సులు అటువంటివి కావు. ఇక్కడి ప్రతి నీటి వనరూ మనిషి కట్టినదే. ఒక కట్ట, ఒక తూము, ఒక మత్తడి లేని చెరువు ఇక్కడ లేదు. నీరు ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో నిర్ణయించేది వానతో పాటు తూము తలుపు. అందులోని చేపలలో అధిక భాగం కూడా ఎవరో కొని తెచ్చి వదిలినవే. వేటకు పథకం వేసుకొనేవారు మొదట ఈ రెండు సంగతులను గ్రహించవలెను.

చరిత్ర

ఈ ప్రాంతంలో గాలపు వేటను వినోదంగా పరిగణించడం కొత్త కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో సంస్కృతంలో రచించిన మానసోల్లాసం అనే గ్రంథంలో మత్స్యవినోదమనే భాగం ఉన్నది. చేపల రకాలు, వాటికి పెట్టవలసిన మేత, గాలంతో పట్టే విధానం అందులో చెప్పబడినవి. చాళుక్యుల రాజధాని కల్యాణి నేటి కర్ణాటకలోని బీదరు జిల్లాలో బసవకల్యాణ్ అనే పేరుతో ఉన్నది. ఇది మంజీర నది ప్రవహించే ప్రాంతమే. రాజుల వినోదాలన్నింటినీ ఒకచోట చేర్చిన విజ్ఞాన సర్వస్వంలో చేపలకు చోటు దక్కడం గమనించదగినది. ఆంగ్లేయుల కాలంలో మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేట గురించి ఒక గ్రంథం వెలువరించాడు. ఆయన అనుభవం ఎక్కువగా దక్షిణాది నదులది. చెరువుల వేటను నేర్చుకోవాలంటే పుస్తకాలకంటె ఊరి బెస్తవారే మంచి గురువులు.

నీటి వనరులు

మంజీర నది మహారాష్ట్రలోని బీడు జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలో ప్రవేశించి, నిజామాబాదు జిల్లా రెంజల్ మండలంలోని కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న నది కూడా ఇక్కడ కలియుట వలన కందకుర్తి త్రివేణి సంగమంగా ప్రసిద్ధి చెందినది.

మంజీరపై అచ్చంపేట, బంజపల్లి గ్రామాల వద్ద నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తి అయినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఇంజనీరుగా దీనిని నిర్మించారు. జలాశయపు పూర్తి నీటిమట్టం 1405 అడుగులు. మొదట 29.7 టి.ఎం.సి.లుగా ఉన్న నిల్వ సామర్థ్యం పూడిక వలన 17.8 టి.ఎం.సి.లకు తగ్గినది. ఈ పూడిక రైతుకు నష్టమే అయినా, అడుగున తిరిగే జెల్ల, వాలుగ వంటి చేపలకు మేత నిలయంగా మారినది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత నిజాంసాగర్ కామారెడ్డి జిల్లాలోకి వచ్చినది. అయినప్పటికీ దాని కాలువ బాన్సువాడ, బోధన్ ప్రాంతాల గుండా నిజామాబాదు వైపుకే సాగుతుంది కనుక, చేపల వేట దృష్ట్యా దీనిని వేరుచేసి చూడడం కుదరదు.

బోధన్ చక్కెర ప్రాంతం ఈ కాలువ సృష్టించినదే. నీరు వచ్చిన తరువాత చెరకు వచ్చినది, చెరకు వెంట 1930వ దశకం చివరలో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసినది. ఒకప్పుడు ఆసియాలోని అతి పెద్ద చక్కెర మిల్లులలో ఒకటిగా ఇది పేరుపొందినది. 2002లో దీని అధిక వాటా ప్రైవేటు సంస్థకు ఇవ్వబడినది. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడినది. చెరకు తగ్గి వరి పెరగడంతో కాలువ నీటి అవసరం కూడా మారినది. చెరకు ఏడాది పొడుగునా ఉండే పంట, వరి రెండు కార్ల పంట. వరికి నీటిని తడులుగా విడుదల చేస్తారు. తడి విడుదలైనపుడు కాలువ ఆధారంగా నిండే చెరువుల మట్టం పెరుగుతుంది, నిలిపివేసినపుడు తగ్గుతుంది. గాలం వేసేవారికి ఈ రాకపోకలే పంచాంగం.

గోదావరిపై మెండోరా మండలంలోని పోచంపాడు వద్ద శ్రీరామసాగర్ ప్రాజెక్టు ఉన్నది. దీనికి 1963 జూలై 26న జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశాడు. పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. మొదట 112 టి.ఎం.సి.ల సామర్థ్యంతో రూపొందించబడిన ఈ జలాశయం కూడా పూడికకు లోనైనది. నందిపేట మండలం వైపు విస్తరించిన దీని వెనుక నీరు ఎండాకాలంలో మైళ్ళకొద్దీ వెనుకకు పోయి, ఆ నేల పచ్చికబయలుగా మారుతుంది.

వీటికి తోడు వందల సంఖ్యలో గ్రామ చెరువులు కలవు. చెరువుల పునరుద్ధరణకై చేపట్టిన మిషన్ కాకతీయ కార్యక్రమం 2015 మార్చిలో అప్పటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగర్ చెరువు వద్దనే ప్రారంభమైనది. పూడిక తీసిన చెరువులలో లోతు పెరిగినది. ఇది చేపలకు మేలు, ఈతరాని వేటగాడికి కీడు.

చేప ఎవరిది?

కొత్తగా వచ్చేవారు ఎక్కువగా పొరపడే విషయం ఇది. చెరువు ప్రభుత్వానిది, నీరు అందరిది, కనుక చేప కూడా అందరిదే అని అనుకొంటారు. వాస్తవం వేరు.

బొచ్చె, రవ్వ (రోహు), మ్రిగాల అనే మూడు పెద్ద చేపలు ప్రవహించే నదులలో, వరద సమయంలో మాత్రమే గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువు నీటిలో ఇవి పెరుగుతాయి కాని సాధారణంగా పిల్లలు పెట్టవు. అందువలన పూర్వం నదులలో దొరికిన చేపపిల్లలను సేకరించి చెరువులలో వదిలేవారు. 1957 జూలై 10న ఒరిస్సాలో డా. హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతుల చేత గుడ్లు పెట్టించడంలో విజయం సాధించాడు. దేశంలో చేపపిల్లల ఉత్పత్తి కేంద్రాలకు ఇదే పునాది. ఆ తేదీనే నేడు జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకొంటారు. పోచంపాడులో ఉన్న చేపపిల్లల ఉత్పత్తి కేంద్రం కూడా ఈ పద్ధతి మీద ఆధారపడినదే.

కనుక చెరువులోని బొచ్చె అడవిలోని పండు వంటిది కాదు, పొలంలోని పంట వంటిది. దానిని నాటినవారు ఉన్నారు. తెలంగాణలో గ్రామాలలోని మత్స్య పారిశ్రామిక సహకార సంఘాలు చెరువులను కౌలుకు తీసుకొని చేపలను పెంచుతాయి. సభ్యులలో గంగపుత్రులు (బెస్తవారు), ముదిరాజులు ముఖ్యులు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం సంఘాలకు చేపపిల్లలను ఉచితంగా సరఫరా చేసే పథకాన్ని ప్రారంభించినది. వానలు పడి చెరువు నిండిన తరువాత వేలెడు పిల్లలను వదిలితే, వేసవి నాటికి అవి కిలో వరకు పెరుగుతాయి. ఆ వేసవిలో చెరువు పట్టిన రోజున వచ్చిన సొమ్ము సభ్యుల కుటుంబాలకు ఏడాది ఆదాయంలో పెద్ద భాగం. పట్నం నుండి కారులో వచ్చిన నలుగురు ఒక పూటలో పది కిలోల బొచ్చెలు పట్టుకొనిపోతే అది వారికి సరదా, ఇంకొకరికి పిల్లల బడి ఖర్చు. ఊరి వారితో తగవులు వచ్చేది కూడా ఇక్కడనే.

అయితే అన్ని చేపలూ ఇట్లా నాటినవి కావు. కొరమీను, మట్టగిడస, వాలుగ, జెల్ల, మార్పు, పరిగ, బొమ్మిడాయి వంటి నాటు జాతులు చెరువులలో, వాగులలో స్వయంగా వృద్ధి చెందుతాయి. గాలపు వేటకు అసలైన చేపలు ఇవే. కాని హక్కు విషయంలో సంఘం కౌలు చెరువంతటికీ వర్తిస్తుంది కనుక, వీటికోసమైనా అనుమతి అవసరమే.

అనుమతి అడిగే విధానం

విదేశాలలో ఉత్తరాది సరస్సులకు వెళ్ళేవారు ముందుగా అనుమతి పత్రం కొంటారు. ఏ చేపను, ఏ కాలంలో, రోజుకు ఎన్నింటిని పట్టవచ్చునో అచ్చు పుస్తకంలో ఉంటుంది. నిజామాబాదు పల్లెలలో ఆ పద్ధతి వాడుకలో లేదు. ఇక్కడ అనుమతి మనిషి ద్వారా వస్తుంది. గ్రామ చెరువు అయితే సంఘం అధ్యక్షుని ఇంటికి వెళ్ళి అడగవలెను. ఎవరో తెలియకపోతే చెరువు కట్ట మీద వలలు ఆరవేస్తున్న వారిని అడిగితే చెబుతారు. పెద్ద జలాశయాలలో మత్స్యకారులకు మత్స్యశాఖ లైసెన్సులు ఇస్తుంది. వీటి విషయమై నిజామాబాదు, కామారెడ్డి పట్టణాలలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయాలలో విచారించడం మంచిది. ఆనకట్ట, గేట్ల పరిసరాలు నీటిపారుదల శాఖ అధీనంలో ఉంటాయి.

అడిగేటప్పుడు మూడు విషయాలు స్పష్టంగా చెప్పవలెను: ఎందరు వస్తున్నారు, ఎన్ని గాలాలు వేస్తారు, పట్టిన బొచ్చె, రవ్వలను తిరిగి వదిలివేస్తారా లేక వెల కట్టి తీసుకుంటారా. ఈ మూడవ మాట ముందే తేలితే సాయంత్రం వాదనలు ఉండవు. సంఘం సభ్యుడిని ఒకరిని రోజు కూలికి వెంట ఉంచుకోవడం అన్ని విధాలా ఉత్తమం. చెరువులో ఎక్కడ పాత బావి ఉన్నదో, ఎక్కడ తుమ్మ మొద్దులు మునిగి ఉన్నవో అతనికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు.

ఎప్పుడు వెళ్ళవలెను

జూలై, ఆగస్టు నెలలు చేపలు గుడ్లు పెట్టే కాలం. జలాశయాలలో సంతానోత్పత్తి కాలంలో మత్స్యశాఖ వేటపై నిషేధం విధిస్తుంది. నిషేధం లేని చోట కూడా ఈ నెలలలో వేట మానుకోవడమే న్యాయం. పొట్టనిండా గుడ్లతో ఎదురీదే చేపను వాగులో పట్టడం సులభం, కాని ఒక చేపతో వేల పిల్లలు పోతాయి.

వరద ఎటునుండి వస్తుందో తెలుసుకొనడం కూడా పథకంలో భాగం. కందకుర్తికి ఎగువన మహారాష్ట్ర నాందేడు జిల్లాలో గోదావరి మీద బాబ్లీ ఆనకట్ట ఉన్నది. సుప్రీం కోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లను ప్రతి సంవత్సరం జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచి ఉంచవలెను. మార్చి 1న 0.6 టి.ఎం.సి.ల నీటిని దిగువకు వదలవలెను. అనగా జూలై మొదటివారంలో నిన్నటి వరకు ఇసుక మేటగా ఉన్న చోట నేడు నీరు ఉండవచ్చు. మంజీర వైపున సింగూరు జలాశయం నుండి వదిలే నీటిపై నిజాంసాగర్ ఆధారపడి ఉన్నది. 2016 వేసవిలో నిజాంసాగర్ దాదాపు ఎండిపోయినది. అదే సంవత్సరం సెప్టెంబరులో మంజీరకు వచ్చిన వరదలతో మరల నిండినది. అటువంటి ఎండిన సంవత్సరం తరువాత పెద్ద చేపలు దొరకడానికి రెండు మూడేండ్లు పడుతుంది.

నీరు తేరుకొనే అక్టోబరు చివరి నుండి నవంబరు వరకు మంచి కాలం. వరదతో వచ్చిన బురద అడుగుకు దిగి, ఎర చేప కంటికి ఆనుతుంది. డిసెంబరు, జనవరి నెలలలో చలి ఎక్కువ. చేప చల్లని రక్తపు జీవి కనుక నీరు చల్లబడితే దాని ఆకలి తగ్గుతుంది. ఈ నెలలలో తెల్లవారుజామున వెళ్ళి వణకడంలో ప్రయోజనం లేదు. ఎండ ఎక్కి ఒడ్డు నీరు వెచ్చబడిన తరువాత పదకొండు గంటలకు వెళ్ళినా నష్టం లేదు. ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నింటికంటె శ్రేష్ఠం. ఏప్రిల్, మే నెలలలో నీరు తగ్గి చేపలు మడుగులలోకి చేరుతాయి. ఆ ఎండలలో సూర్యోదయం నుండి ఎనిమిదిన్నర వరకు, సాయంత్రం ఐదు తరువాత మాత్రమే వేటకు అనుకూలం.

జూన్ మొదటివారం విషయంలో ఒక హెచ్చరిక. జూన్ 7 లేదా 8న మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఆ రోజు చేప తినడం తెలంగాణలో ఆచారం. నిజామాబాదు, బోధన్ అంగళ్ళలో ఆ రోజు చేపలకు ఉండే గిరాకీ మరెప్పుడూ ఉండదు. అందువలన అంతకు ముందు రోజులలో చెరువులలో పెద్ద వలలు పడతాయి. ఆ వారంలో ప్రశాంతమైన చెరువును వెతుక్కొనడం వృథా. కాని చెరువు పట్టే పనిని చూడదలచిన విద్యార్థులకు అంతకంటె మంచి సమయం లేదు.

చేపలు

కొరమీను (చన్నా స్ట్రయేటా): దీనిని కొర్రమట్ట అని కూడా అంటారు. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. మొప్పలతోపాటు తలభాగంలో గాలి పీల్చే ప్రత్యేక అవయవం ఉండుట వలన, నీరు తగ్గిన బురదలో కూడా బ్రతుకుతుంది. గాలి కోసం పైకి వచ్చినపుడు నీటి మీద చిన్న సుడి కనిపిస్తుంది. వేటగాడు వెతకవలసినది ఆ సుడినే. తుంగ, తామర ఉన్న ఒడ్లలో కప్ప, చిన్న చేప ఎరలకు పడుతుంది. తల్లిదండ్రులు రెండూ పిల్లలకు కాపలా ఉండడం దీని ప్రత్యేకత. నీటిపై ఎర్రని చిన్న పిల్లలు గుంపుగా మెదలుతూ కనిపిస్తే, వాటి క్రింద పెద్ద చేప తప్పక ఉంటుంది. అక్కడ గాలం వేస్తే అది కోపంతో వెంటనే పట్టుకుంటుంది. ఆ సులభమైన వేటనే చేయకూడదు. కాపలా పోయిన గుంపును ఇతర చేపలు కొద్దిసేపటిలో తినివేస్తాయి.

వాలుగ (వల్లగో అట్టు): పెద్ద నోరు, పొడవైన మీసాలు గల మాంసాహారి. నిజాంసాగర్, శ్రీరామసాగర్ వంటి లోతైన నీళ్ళలో, సంధ్యా సమయాలలో తిరుగుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని ముప్పునకు గురికాగల జాతిగా వర్గీకరించినది. దొరికినపుడు చూసి వదిలివేయడం మేలు. పళ్ళు పదునైనవి కనుక గాలం తీయడానికి చేయి కాక పట్కారు వాడవలెను.

జెల్లలు: మీసాల చేపలలో చిన్నవి. వీటి పక్క ముళ్ళు గ్రుచ్చుకొంటే గంటల తరబడి సలుపుతుంది. వీటిని గుడ్డతో పట్టుకోవలెను. మార్పు, ఇంగిలాయిల విషయం కూడా ఇంతే.

బొచ్చె, రవ్వ, మ్రిగాల: బొచ్చె పైపొర నీటిలో, రవ్వ మధ్యలో, మ్రిగాల అడుగున మేస్తాయి. మూడింటిని కలిపి పెంచడానికి కారణం ఇదే, ఒకదాని మేతకు మరొకటి పోటీ రాదు. బెండును ఎంత ఎత్తున కట్టవలెనో కూడా దీనినిబట్టి తెలుస్తుంది. వీటికి తోడు పెంపకానికై తెచ్చిన బంగారుతీగ, గడ్డిచేపలు ఉంటాయి. జిలేబి అని పిలువబడే తిలాపియా ఎవరూ వదలకపోయినా అన్ని చెరువులలో చేరినది. ఇది నాటు చేపల మేతను హరిస్తుంది. దీనిని ఎన్ని పట్టినా సంఘం వారు సంతోషిస్తారు. నేర్చుకొనే పిల్లలు మొదట దీనితోనే మొదలుపెట్టవచ్చు.

పరిగలు, చందమామలు వంటి చిన్న చేపలను తక్కువగా చూడరాదు. కాలువ ఒడ్డున సన్నని గాలానికి ఇవి వెంట వెంట పడుతాయి, వేపుడుకు ప్రసిద్ధి.

గాలం, ఎర

సాధారణ వేటకు పది, పన్నెండు అడుగుల వెదురు కర్ర, నైలాన్ దారం, బెండు, చిన్న సీసపు గుండు, గాలపు ముల్లు చాలు. పెద్ద జలాశయాలలో దూరం విసరడానికి చక్రం ఉన్న కర్ర అవసరమవుతుంది. కొత్తవారు ముల్లు పెద్దదైతే చేప పెద్దదవుతుందని భావిస్తారు. చేప నోటి పరిమాణానికి సరిపడే చిన్న ముల్లే ఎక్కువ చేపలను నిలుపుతుంది. చేపను తిరిగి వదలదలచినవారు ముల్లు కొన వెనుక ఉండే కొక్కెపు పంటిని పట్కారుతో నొక్కివేస్తే నోరు చీలదు.

ఎరలలో వానపాములు (ఎర్రలు) దాదాపు అన్ని చేపలకు పనికివస్తాయి. కాలువ గట్ల తడి మట్టిలో, పెంటకుప్పల క్రింద దొరుకుతాయి. రవ్వ, మ్రిగాల, బంగారుతీగలకు తవుడు, వేరుశనగ చెక్క, గోధుమపిండి కలిపి ముద్ద చేస్తారు. చెరకు పండే ఊళ్ళలో ఈ ముద్దలో కొంచెం బెల్లం కలిపి ఒక రాత్రి పులియనిస్తారు. చేపలకు వాసన పసిగట్టే శక్తి ఎక్కువ కనుక, పులిసిన తీపి వాసన దూరం నుండి వాటిని రప్పిస్తుంది. అయితే మేతముద్దను బస్తాలకొద్దీ నీటిలో వేయడం తప్పు. అది కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. బోధన్ బెల్లాల్ చెరువు వంటి తాగునీటి చెరువులలో ఇది మరింత దోషం.

ప్రాణవాయువు సంగతి వచ్చినది కనుక మరొక మాట. తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరచి గాలి మింగుతుంటే అది వేటకు శుభసూచకం కాదు, నీరు ఊపిరాడని స్థితిలో ఉన్నదని అర్థం. రాత్రివేళ నాచు, నీటి మొక్కలు ప్రాణవాయువును వాడుకొనుట వలన గాని, మురుగు లేదా కర్మాగారపు వ్యర్థాలు చేరుట వలన గాని ఇట్లా జరుగుతుంది. చక్కెర మడ్డి కలిసిన నీరు ఈ విషయంలో ముఖ్యంగా హానికరం. అటువంటి దృశ్యం కనబడితే గాలం పక్కన పెట్టి సంఘం వారికి తెలియజేయవలెను. సకాలంలో కొత్త నీరు వదిలితే చెరువు దక్కుతుంది.

విషం, మందుగుండు, విద్యుత్తుతో చేపలు చంపడం చట్టవిరుద్ధం. తెగిన నైలాన్ దారాన్ని ఒడ్డున వదిలివేస్తే కొంగల కాళ్ళకు చుట్టుకొని అవి చనిపోతాయి. తెచ్చిన దారాన్ని తిరిగి తీసుకొనిపోవలెను.

కొన్ని స్థలాలు

అలీసాగర్: నిజామాబాదు నుండి పది పన్నెండు కి.మీ. దూరంలో, ఎడపల్లి మండలం ఠాణాకలాన్ సమీపంలో, నిజాంసాగర్ కాలువ మీద 1930వ దశకంలో ఏర్పడిన జలాశయం. గుట్ట మీది అతిథి గృహం, తోటలు కలవు. సెలవు దినాలలో జనసందడి ఎక్కువ. ప్రశాంతత కోరేవారు పనిదినాలలో వెళ్ళవలెను.

అశోక్ సాగర్: జానకంపేట వద్ద, బాసరకు పోయే దారిలో ఉన్నది. నీటి మధ్య బండరాళ్ళు, సరస్వతీ విగ్రహం, పడవ షికారు దీని ఆకర్షణలు. చూడడానికి అందమైనదే కాని గాలం వేయడానికి తగినది కాదు.

కందకుర్తి: నది చేపలు చూడదలచినవారికి ఇదే చోటు. పుష్కరాలు, పర్వదినాలలో యాత్రికుల రద్దీ ఉంటుంది. స్నానఘట్టాల వద్ద గాలం వేయరాదు.

నిజాంసాగర్: విశాలమైనది. ఆనకట్ట మీద నుండి కాక, సంఘం వారి సాయంతో వెనుక నీటి ఒడ్లకు వెళ్ళవలెను. ఒక పూటకు సరిపోదు. ముందురోజు సాయంత్రమే చేరితే మేలు.

శ్రీరామసాగర్ వెనుక నీరు: నందిపేట వైపు ఒడ్లలో శీతాకాలంలో వలస పక్షులు, పచ్చికబయళ్ళలో కృష్ణజింకలు కనిపిస్తాయి. చేప దొరకకపోయినా ప్రయాణం వృథా కాదు.

పోచారం జలాశయం కామారెడ్డి, మెదక్ జిల్లాల సరిహద్దున ఉన్నది. దానిని ఆనుకొని అభయారణ్యం ఉండుట వలన అటవీశాఖ అనుమతి లేనిదే ప్రవేశించరాదు.

ప్రమాదాలు

చెరువులలో మరణాలకు ఈత రాకపోవడం ఒక్కటే కారణం కాదు. పూడిక నిండిన ఒడ్డు పైకి గట్టిగా ఎండినట్లు కనిపిస్తుంది, లోపల మోకాళ్ళ లోతు బురద ఉంటుంది. దిగబడినవాడు గింజుకొన్నకొద్దీ కూరుకుపోతాడు. తగ్గుతున్న జలాశయంలో కొత్తగా బయటపడిన నేల మీద నడవకుండుట మొదటి నియమం. పూడికమట్టి తీసిన గుంతలు నీటి క్రింద కనబడవు. తూము దగ్గర నీరు నిశ్చలంగా కనిపించినా లోపలికి గుంజే వేగం ఉంటుంది. మత్తడి దూకుతున్నపుడు పాచి పట్టిన రాళ్ళ మీద నిలబడి వల, గాలం వేయడం ప్రతి వానాకాలంలో కనిపించే దుస్సాహసం.

ఆనకట్టల దిగువన గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగిస్తారు. ఆ శబ్దం విన్న తరువాత సామాను సర్దుకొనరాదు, వదలి పైకి రావలెను. వరద అంచనాలను దాటి రాగలదని 2025 ఆగస్టు చివరివారంలో కామారెడ్డి, మెదక్ జిల్లాలలో కురిసిన అతివృష్టి చూపినది. వందేండ్ల నాటి పోచారం కట్టకు అప్పుడు అసాధారణమైన వరద తాకినది.

మంజీరలో మొసళ్ళు ఉన్నవి. ఎగువన సంగారెడ్డి వద్ద వాటికై అభయారణ్యమే ఉన్నది. మడుగులున్న చోట నీటిలో కాళ్ళు పెట్టుకొని కూర్చొనే ముందు స్థానిక మత్స్యకారులను అడగవలెను. థర్మోకోల్ తెప్పలపై వారు తిరుగుతున్నారని చూసి సందర్శకులు కూడా వాటిని ఎక్కడం ప్రమాదకరం. వారికి చిన్ననాటి నుండి అలవాటు. పడవ ఎక్కేవారు తేలుడు చొక్కా లేకుండా ఎక్కరాదు. ఉరుము వినబడితే కార్బన్ పీచుతో చేసిన కర్రను నేలపై పెట్టి, చెట్ల క్రింద కాక వాహనంలో కూర్చోవలెను. వరి, చెరకు గట్ల మీద చీకటి పడిన తరువాత నడిచేవారికి టార్చిలైటు, బూట్లు తప్పనిసరి.

పట్టిన చేప

వదలదలచిన చేపను తడి చేతులతో పట్టుకోవలెను. పొడి చేతులు దాని జిగురు పొరను తొలగిస్తాయి, ఆ చోట పుండు పడుతుంది. నీటిలో తల ఎదురు దిక్కుకు ఉంచి, తనంతట తాను ఈదిపోయే వరకు పట్టుకొని ఉండవలెను. ఫోటోల కోసం ఎండలో నిలిపి ఉంచిన చేప నీటిలో వదిలినా సాయంత్రానికి తేలుతుంది. అటువంటి విడుదల వలన పుణ్యం లేదు, పులుసూ లేదు.

ఇంటికి తెచ్చే చేపను ప్లాస్టిక్ సంచిలో వేసి కారు వెనుక భాగంలో పెట్టరాదు. వేసవిలో రెండు గంటలలో చెడిపోతుంది. మంచు పెట్టె లేనివారు పేగులు తీసి, తడి గోనెలో చుట్టి గాలి తగిలేటట్లు తేవచ్చు. కొరమీను మాత్రం తడి గోనెలో చాలాసేపు బ్రతికి ఉంటుంది. సంఘానికి ఇవ్వవలసిన వెలను చెరువు కట్ట మీదనే, తూకం చూపి చెల్లించడం ఇక్కడి మర్యాద.